దాస విశ్వాసం, పుత్ర విశ్వాసం: జాన్ వెస్లీ నిశ్చయాన్వేషణ

భారతీయ దర్శనాలు సంశయాన్ని రెండు విధాలుగా పరిగణించాయి. భగవద్గీత చతుర్థాధ్యాయం సంశయగ్రస్తుని వినాశాన్ని గురించి హెచ్చరిస్తుంది. న్యాయశాస్త్రమో సంశయాన్ని షోడశ పదార్థాలలో మూడవదిగా గ్రహించి, విచారణకు దానినే ఆరంభంగా స్వీకరిస్తుంది. క్రైస్తవ మతచరిత్రలోనూ ఇట్టి ద్వైధీభావం గోచరిస్తుంది. అయితే అక్కడి ప్రధాన ప్రశ్న ఈశ్వరాస్తిత్వాన్ని గురించినది మాత్రమే కాదు. దేవుని కృప తనకు లభించిందని విశ్వాసి నిశ్చయంగా ఎరుగగలడా అన్నదే ఆ ప్రశ్న.

16వ శతాబ్దిలో ఈ ప్రశ్న ఐరోపా క్రైస్తవాన్ని విభజించిన వివాదాలలో ఒకటి. విశ్వాసి తన సత్కర్మలను గాక దేవుని వాగ్దానాన్నే ఆశ్రయించాలనీ, ఆ వాగ్దానం తనకే వర్తిస్తుందని నమ్మాలనీ మార్టిన్ లూథర్ బోధించాడు. 1547 జనవరి 13న ట్రెంట్ మహాసభ దీనికి ప్రతిగా, తాను కృపను పొందానని ఎవరూ ప్రమాదరహితమైన విశ్వాస నిశ్చయంతో ఎరుగలేరని నిర్ణయించింది. ఒక పక్షం నైరాశ్యానికి భయపడింది. రెండవ పక్షం అహంకారానికి భయపడింది.

దాదాపు రెండు శతాబ్దాల అనంతరం ఈ వివాదం ఇంగ్లండులో ఒక వ్యక్తి అంతరంగంలో పునర్జన్మ ఎత్తింది. జాన్ వెస్లీ 1703లో ఎప్‌వర్త్ గ్రామంలో ఆంగ్లికన్ పురోహితుని కుమారుడిగా జన్మించాడు. ఆక్స్‌ఫర్డులోని లింకన్ కళాశాలలో ఆచార్యవర్గ సభ్యుడైనాడు. సోదరుడు చార్లెస్‌తోనూ మిత్రులతోనూ కలిసి ఉపవాసాలు, ప్రార్థనలు, కారాగారవాసుల సందర్శనం కఠిన నియమంతో పాటించాడు. ఆ నియమనిష్ఠను పరిహసిస్తూ ఇతరులు పెట్టిన పేరే ‘మెథడిస్టు’.

1735లో అతడు అమెరికాలోని జార్జియాకు మతప్రచారకుడిగా నౌకలో బయలుదేరాడు. 1736 జనవరి 25న తుపాను చెలరేగి ప్రధానమైన తెరచాప చినిగిపోయింది. నీరు నౌకలోనికి ప్రవహించింది. ఆంగ్లేయులు ఆక్రందించారు. అదే నౌకలోని మొరేవియన్ శాఖకు చెందిన జర్మను భక్తులు తమ కీర్తనను ఆపక ప్రశాంతంగా గానం చేశారు. భయం కలుగలేదా అని వెస్లీ అనంతరం ప్రశ్నించగా, తమ స్త్రీలూ బాలలూ సైతం మరణానికి భయపడరని వారు బదులిచ్చారు. వెస్లీ మాత్రం తాను మరణానికి భయపడినట్లు గ్రహించాడు. నియమాలన్నీ ఉన్నవి, నిర్భయత్వం లేదు.

జార్జియాలో మొరేవియన్ నాయకుడు స్పాంగెన్‌బెర్గ్, యేసుక్రీస్తు తనను రక్షించాడని స్వయంగా ఎరుగుదువా అని అతనిని అడిగాడు. ఎరుగుదునని వెస్లీ అన్నాడు. కాని ఆ మాటలు వ్యర్థమైనవేమోనన్న శంకను దినచర్య గ్రంథంలో వ్రాసుకొన్నాడు. 1738లో స్వదేశానికి తిరిగివచ్చి, విశ్వాసం లేని తాను ఉపదేశం మానివేయాలా అని పీటర్ బోలర్ అనే మొరేవియన్‌ను అడిగాడు. విశ్వాసం లభించేవరకు విశ్వాసాన్నే ఉపదేశించమనీ, లభించిన తరువాత లభించింది కనుకనే ఉపదేశిస్తావనీ బోలర్ సమాధానమిచ్చాడు.

1738 మే 24 సాయంకాలం లండనులోని ఆల్డర్స్‌గేట్ వీథిలో ఒక చిన్న సమావేశం జరిగింది. రోమీయులకు వ్రాసిన పత్రికకు లూథర్ రచించిన పీఠికను ఒకరు పఠిస్తున్నారు. ఇంచుమించు తొమ్మిది గంటల వేళ వెస్లీ హృదయంలో అపూర్వమైన ఉష్ణానుభూతి కలిగింది. తన పాపాలు తొలగిపోయినవన్న నిశ్చయం ఉదయించింది. కాని ఆ రాత్రే సందేహాలు తిరిగివచ్చాయి. 1739 జనవరి 4న అతడు తాను ఇప్పుడు క్రైస్తవుడిని కానని వ్రాసుకొన్నాడు.

అయినప్పటికీ తొలినాళ్ల మెథడిస్టు ఉపదేశకులు నిశ్చయాన్నే విశ్వాసానికి గీటురాయిగా చేశారు. పాపక్షమాపణ లభించిందని నీవు ఎరుగుదువా అని అడిగేవారు. ఎరుగనన్న దీనుడు దైవాగ్రహానికి పాత్రుడని భావించేవారు. ఆ ప్రశ్న ఎందరు సాధకులను వ్యథపెట్టిందో ఊహింపదగినదే. ప్రశ్నించినవారి గురువు సైతం దానికి అతీతుడు కాలేదు. 1766 జూన్ 27న చార్లెస్‌కు వ్రాసిన లేఖలో, తాను దేవుని ఎన్నడూ ప్రేమించలేదని జాన్ ఒప్పుకొన్నాడు. తన హృదయాన్ని వెల్లడించే కొన్ని మాటలను సంకేతలిపిలో వ్రాశాడు. అదే లేఖలో దైవకార్యంపై తన ఉత్సాహం క్షీణించక వృద్ధి చెందుతున్నదనీ తెలిపాడు. నిశ్చయం లోపించినా అశ్వారూఢుడై ఊరూరా సంచరించడం అతడు మానలేదు.

ఈ స్వానుభవానికి అనుగుణంగానే సిద్ధాంతమూ మారింది. తన దినచర్య గ్రంథపు తరువాతి ముద్రణలో పూర్వపు ఆత్మనిందకు వెస్లీ టిప్పణులు చేర్చాడు: ఆనాడు సైతం తనకు విశ్వాసం ఉన్నదనీ, అది పుత్రుని విశ్వాసం కాక దాసుని విశ్వాసమనీ సవరించుకొన్నాడు. 1788 నాటి ఉపదేశంలో, దాసుడు కూడా దేవునికి అంగీకృతుడేనన్న సంగతి దాదాపు యాభై ఏండ్ల క్రితం తమకు స్పష్టంగా తెలియదని బహిరంగంగా అంగీకరించాడు. పుత్రభావం వైపు సాగవలసిందేనని బోధించాడు గాని, ద్వారంలో నిలిచినవానిని బయటివాడనలేదు. అప్పటికి అతని వయస్సు 80 దాటింది. దాస్యభక్తిని ఎరిగిన భారతీయ సాధకునికి ఈ విశాలత దుర్గ్రాహ్యం కాదు.

1791 మార్చి 2న, 87వ ఏట, వెస్లీ లండనులో మరణించాడు. దేవుడు మనతో ఉండడమే అన్నిటికన్న శ్రేష్ఠమన్నది అతని చివరి మాటలలో ఒకటని సమీపంలో ఉన్నవారు నమోదు చేశారు. పాతికేళ్ల నాటి లేఖలో అతడు తన హృదయాన్నే పరీక్షించుకొన్నాడు. అంత్యకాలంలో పలికిన ఆ మాటలో తన నిశ్చయాన్ని గురించిన ప్రస్తావనే లేదు.