రెయిన్ జాకెట్: వానాకాలం ట్రెక్‌కి వెళ్తున్నారా? బరువు తక్కువని కొనేయొద్దు.. ముందు ట్యాగ్‌పై ఈ నంబర్లు చూడండి!

జులై వచ్చిందంటే చాలు.. వీకెండ్ ప్లాన్లు మొదలైపోతాయి. హైదరాబాద్ వాళ్లు అనంతగిరి కొండలకు, విశాఖ వాళ్లు అరకు, వనజంగికి, వరంగల్ వాళ్లు బొగత జలపాతానికి బయల్దేరుతారు. బ్యాగులో బిర్యానీ ఉంటుంది, బ్లూటూత్ స్పీకర్ ఉంటుంది, సెల్ఫీ స్టిక్ ఉంటుంది. వానకు వేసుకునేది మాత్రం ఉండదు. అడిగితే.. "తడిస్తే ఏమవుతుంది బ్రో, తడవడానికేగా వెళ్తున్నాం" అంటారు.

సరదాగా తడవడం వేరు. ఐదు కిలోమీటర్లు అడవిలో నడిచి, చీకటి పడ్డాక, గాలిలో తడి బట్టలతో నిలబడటం వేరు. మరి చిన్న సంచిలో పట్టేసే, బరువు తెలియని రెయిన్ జాకెట్ లేదా పోంచో ఎలా ఎంచుకోవాలి? షాపులో ఏం చూడాలి? వివరంగా తెలుసుకుందాం.

తడిస్తే నిజంగా ప్రమాదమా?

2023 జులై చివరి వారం గుర్తుందా? ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన సుమారు 80 మంది పర్యాటకులు తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. రాత్రిపూట, వానలో. ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది వెళ్లి వాళ్లను బయటికి తీసుకొచ్చారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం అనుకునే ట్రిప్పులు ఇలాగే రాత్రి దాకా సాగుతాయి.

ఇలాంటప్పుడు శరీరానికి వచ్చే ఇబ్బంది పేరు హైపోథర్మియా. అంటే ఒంట్లోని ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోవడం. ఇది మంచు కొండల్లోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ తడి బట్టలు, గాలి, ఆకలి, అలసట.. ఈ నాలుగూ కలిస్తే మన దగ్గర కొండల మీద కూడా రావచ్చు. దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకు లోయలో వానపడే సాయంత్రం బైక్ మీద తిరిగినవాళ్లకు ఆ చలి ఏంటో తెలుసు.

ఆగకుండా వణుకు, మాట తడబడటం, నడకలో తూలడం దీని లక్షణాలు. అలా కనిపిస్తే వెంటనే తడి బట్టలు తీసేసి, పొడివి వేసి, గాలి తగలని చోట దుప్పటి కప్పాలి. స్పృహలో ఉండి, మింగగలిగితే వేడిగా, తియ్యగా టీ లాంటిది ఇవ్వాలి. మందు మాత్రం అస్సలు వద్దు. అది తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లోని వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది.

పోంచోనా? జాకెట్టా? గొడుగా?

పొలాల్లో యూరియా సంచిని మడిచి తల మీద నుంచి వీపు దాకా వేసుకుని పనిచేసే రైతుల్ని చూసే ఉంటారు. పోంచో ఐడియా కూడా అదే. వదులుగా ఉంటుంది కాబట్టి లోపల గాలి ఆడుతుంది. వీపు మీద బ్యాగు కూడా తడవదు. చాలా పోంచోలు 200 నుంచి 400 గ్రాముల లోపే ఉంటాయి, ధర కూడా తక్కువ. మైనస్ ఏంటంటే.. ఈదురుగాలి వస్తే గాలిపటంలా ఎగురుతుంది. ముళ్ల పొదల్లో చిరుగుతుంది. రాళ్లు ఎక్కేటప్పుడు కాళ్ల దగ్గర కనిపించదు.

జాకెట్ ఒంటికి పట్టి ఉంటుంది, గాలికి ఎగరదు, చేతులు ఫ్రీగా ఆడతాయి. కానీ నడుము కింద తడుస్తుంది, లోపల ఉక్కపోస్తుంది. కొండ ఎక్కేవాళ్లకు, గాలి ఎక్కువగా ఉండే చోటికి వెళ్లేవాళ్లకు జాకెట్ బెటర్.

గొడుగును తక్కువ అంచనా వేయొద్దు. చదునైన దారి, గాలి లేని వాన అయితే దానంత హాయి ఇంకోటి లేదు. ఉక్కపోత ఉండదు. కానీ పిడుగులు పడుతున్నప్పుడు ఆరుబయట గొడుగు పట్టుకుని నిలబడొద్దు. ఒంటరి చెట్టు కిందికి కూడా వెళ్లొద్దు.

బైక్ మీద వెళ్లేవాళ్లు మాత్రం పోంచో జోలికి పోవద్దు. వేలాడే అంచు వెనక చక్రంలోనో, చైన్‌లోనో చుట్టుకుంటే పెద్ద ప్రమాదమే జరుగుతుంది. బైక్‌కి ప్యాంటు, షర్టు విడివిడిగా ఉండే రెయిన్ సూటే వాడాలి.

ట్యాగ్ మీద ఆ నంబర్లు ఏంటి?

షాపులో ఏ జాకెట్ చూపించినా "వాటర్‌ప్రూఫే సార్" అంటారు. ట్యాగ్ తిప్పి చూడండి. 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే అది తుంపరకే పనికొస్తుంది. పావుగంట గట్టి వానకు లోపలికి దిగిపోతుంది. 'వాటర్‌ప్రూఫ్' అని ఉంటే పక్కన మిల్లీమీటర్లలో ఒక నంబర్ ఉందా అని చూడాలి.

ఆ నంబర్ అర్థం సింపుల్. బట్ట మీద ఒక గొట్టం నిలబెట్టి నీళ్లు నింపుతూ పోతారు. ఎంత ఎత్తు నీటి బరువుకు బట్ట కారడం మొదలుపెడుతుందో అదే ఆ నంబర్. 1,500 మిల్లీమీటర్లు అంటే ప్రాథమిక స్థాయి. 5,000 అంటే మామూలు వానకు ఓకే. 10,000 ఉంటే మన దగ్గర ట్రెక్కులకు బాగా సరిపోతుంది. 20,000 అంటే రోజుల తరబడి వానలో తిరిగేవాళ్లకు.

నంబర్ ఎక్కువ ఎందుకంటే.. బ్యాగు పట్టీలు భుజాల మీద నొక్కుతాయి. తడి రాయి మీద కూర్చుంటే మన బరువంతా బట్ట మీద పడుతుంది. నీళ్లు ముందుగా దిగేది అక్కడే.

రెండో నంబర్ గ్రాముల్లో ఉంటుంది. 24 గంటల్లో చదరపు మీటరు బట్ట నుంచి ఎన్ని గ్రాముల చెమట ఆవిరి బయటికి పోగలదో అది చెబుతుంది. 5,000 అంటే తక్కువ, 10,000 అంటే పర్వాలేదు, 20,000 అంటే ఎక్కువ.

అసలు సమస్య వాన కాదు.. చెమట!

చాలామంది ఇక్కడే మోసపోతారు. ఖరీదైన జాకెట్ కొని, గంట నడిచాక జిప్ తీస్తే లోపల టీషర్ట్ తడిసి ఉంటుంది. "లీకయింది, డబ్బులు దండగ" అంటారు. చాలాసార్లు అది వాన నీరు కాదు, మన చెమటే.

గాలి ఆడే జాకెట్లలో ఉండే పొరకు కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు ఉంటాయి. నీటి చుక్క వాటిలో దూరదు, చెమట ఆవిరి దూరుతుంది. 1969లో అమెరికాకు చెందిన బాబ్ గోర్ కనిపెట్టిన పదార్థంతోనే గోర్‌టెక్స్ వచ్చింది. అయితే ఆవిరి బయటికి పోవాలంటే లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. వానాకాలంలో మన దగ్గర బయటి గాలే వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. ఇక లోపలి ఆవిరి ఎక్కడికి పోతుంది? అందుకే చలి దేశాల రివ్యూలు చూసి వేలకు వేలు పోసి కొన్న జాకెట్ నల్లమలలో అంత పనిచేయదు.

అదే జాకెట్ కేదార్‌నాథ్ దారిలో బాగా పనిచేస్తుంది. మనవాళ్లు ఏటా పెద్ద సంఖ్యలో వెళ్లే ఆ గుడి దాదాపు 3,580 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బయట చల్లగా ఉంటుంది కాబట్టి లోపలి ఆవిరి తేలిగ్గా బయటికి పోతుంది. పైగా అక్కడ తడిస్తే చలి తట్టుకోవడం కష్టం. అందుకే చార్‌ధామ్, అమర్‌నాథ్ యాత్రలకు మంచి జాకెట్, రెయిన్ ప్యాంటు మీద డబ్బులు పెట్టడంలో తప్పులేదు.

మరి మన కొండలకు ఏం కొనాలి? రెండో నంబర్ కంటే గాలి ఆడే దారులు చూడండి. చంకల కింద జిప్‌లు, వీపు మీద ఫ్లాప్ కింద జాలీ, పై నుంచీ కింది నుంచీ తెరుచుకునే జిప్.. వీటిలో ఒకటైనా ఉండాలి. లేదంటే వదులైన పోంచోనే మేలు.

షాపులో 5 నిమిషాల చెక్

కుట్లు: జాకెట్ లోపలి వైపు తిప్పండి. ప్రతి కుట్టు మీద టేపు అతికించి ఉండాలి. కొన్నింటికి భుజాల దగ్గర మాత్రమే టేపు ఉంటుంది. బట్ట ఎంత గొప్పదైనా కుట్టు సూది రంధ్రాల నుంచి నీళ్లు వస్తాయి.

టోపీ: వేసుకుని తల పక్కకు తిప్పండి. తలతో పాటు టోపీ తిరగాలి. తిరగకపోతే రోడ్డు దాటేటప్పుడు పక్క నుంచి వచ్చే బండి కనిపించదు. ముందు చిన్న అంచు ఉంటే కళ్లలో నీళ్లు పడవు. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి.

సైజు: రెండు చేతులూ పైకెత్తండి. నడుము కనిపిస్తే పెద్ద సైజు తీసుకోండి. లోపల ఒక స్వెటర్ పట్టేంత ఖాళీ ఉండాలి.

జిప్: దాని వెనకో, పైనో ఒక పట్టీ ఉండాలి. లేదా నీళ్లు దిగని జిప్ ఉండాలి. జేబుల జిప్‌లు కూడా చూడండి.

మడత: తన జేబులోకే మడిచేసుకునే జాకెట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. షాపు కుర్రాడు మడిచి చూపిస్తే సరిపోదు. మీరే ఒకసారి మడిచి చూడండి. ఇంటికెళ్లాక అది మళ్లీ ఆ జేబులో పట్టకపోతే బ్యాగులో ఉండదు, అల్మరాలోనే ఉంటుంది.

రంగు: పసుపు, నారింజ, ఎరుపు అయితే పొగమంచులో, అడవిలో దూరం నుంచి కనిపిస్తారు. నలుపు, ముదురు ఆకుపచ్చ వద్దు. వెతికేవాళ్లకు రంగే గుర్తు.

ఎంత బరువు ఉండాలి?

మంచి ట్రెక్కింగ్ రెయిన్ జాకెట్ 250 నుంచి 400 గ్రాముల మధ్య ఉంటుంది. అంటే దాదాపు ఒక ఫోన్, ఒక పవర్ బ్యాంక్ కలిపినంత. బైక్‌పై వాడే మందపాటి రెయిన్ సూట్ కిలో వరకు తూగుతుంది. అది డిక్కీలో ఉంటే ఓకే, వీపున మోయడం కష్టం. 150 గ్రాముల కంటే తేలికైనవి కూడా దొరుకుతాయి కానీ వాటి బట్ట పల్చన. ముళ్లకు, బ్యాగు పట్టీల రాపిడికి త్వరగా పాడవుతాయి.

రోడ్డు పక్కన అమ్మే పల్చటి ప్లాస్టిక్ పోంచో అత్యవసరానికి బ్యాగులో ఉంటే మంచిదే. కానీ చిరిగాక దాన్ని జలపాతం దగ్గరే పడేసి రావొద్దు.

లోపల ఏం వేసుకోవాలి?

జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, త్వరగా ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. క్రికెట్ జెర్సీ లాంటి పాలిస్టర్ టీషర్ట్, ట్రాక్ ప్యాంటు మేలు. ఉన్ని అయితే తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది. తెలంగాణ పల్లెల్లో గొర్రెల కాపరులు వానలో గొంగడి కప్పుకునేది ఊరికే కాదు.

అన్నిటికంటే ముఖ్యం.. ఒక జత పొడి బట్టలు. వాటిని పెద్ద చెత్త కవర్‌లో చుట్టి, ముడి వేసి బ్యాగు అడుగున పెట్టండి. బ్యాగు మీద వేసే రెయిన్ కవర్ వీపు వైపు నుంచి వచ్చే నీళ్లను ఆపదు. లోపలి కవరే కాపాడుతుంది. ఫోన్, పవర్ బ్యాంక్, టార్చ్‌కి జిప్ కవర్ వాడండి.

ఇంటికొచ్చాక ఇలా చేయకపోతే జాకెట్ గోవిందా!

తడి జాకెట్‌ను అలాగే మడిచి సంచిలో వదిలేస్తే వారంలో బూజు వస్తుంది. లోపలి పూత వేడికి, తేమకు జిగురుగా మారి పొట్టులా రాలిపోతుంది. చాలామంది జాకెట్లు పోయేది వానకు కాదు, అల్మరాలోనే. నీడలో పూర్తిగా ఆరబెట్టి హ్యాంగర్‌కి వేలాడదీయండి. ట్రిప్ ముందు రోజే మడవండి.

కొన్నాళ్లకు చుక్కలు జారకుండా బట్టకే అంటుకుంటుంటే కంగారు పడొద్దు. పైపూత అరిగిందని అర్థం. మైల్డ్ సబ్బుతో ఉతికి, లేబుల్ అనుమతిస్తే పైన బట్ట వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తే కొంత తిరిగొస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వాడొద్దు.

వెళ్లే ముందు ఇది చూడండి

వాతావరణ శాఖ లెక్క ప్రకారం 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. మీరు వెళ్లే జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ ఉంటే ట్రిప్ వాయిదా వేసుకోండి. వర్ష సూచన కోసం 'మౌసమ్' యాప్, పిడుగుల కోసం 'దామిని' యాప్ ఫోన్లో ఉంచుకోండి. అటవీశాఖ గేటు మూసేస్తే పక్కదారిలో వెళ్లొద్దు. అత్యవసరమైతే 112కి కాల్ చేయండి.

చివరిగా ఒక మాట. ఎంత ఖరీదైన జాకెట్ అయినా పొంగే వాగును దాటించదు. మోకాలి లోతే కదా అని దిగొద్దు. నీళ్లు తగ్గేదాకా ఇవతలి ఒడ్డునే, ఎత్తైన చోట ఆగాలి. ఆ రెండు మూడు గంటలు ఒళ్లు పొడిగా, వెచ్చగా ఉంటే ఓపిగ్గా ఆగగలం. తడిసి వణుకుతుంటే ఎలాగైనా దాటేద్దాం అనిపిస్తుంది. ఆ తొందర పడకుండా ఉండటానికే.. బ్యాగులో ఆ 300 గ్రాములు!