శిలలలోని దిక్కులు, సాంఖ్యకశాస్త్రము

ప్రాణహిత–గోదావరి లోయలోని ఇసుకరాళ్లలో పెక్కు, కోట్ల సంవత్సరములకు పూర్వము ప్రవహించిన నదుల నిక్షేపములు. అందొక శ్రేణికి నాగపూరు చెంతనున్న కామఠీ పట్టణమును బట్టి కామఠీ శిలలని పేరు. బొగ్గుపొరలకు పైన పరచుకొనిన ఈ శిలలను నిర్మించిన నదులు ఏ దిక్కునకు పారినవో నిర్ణయించుట భూవిజ్ఞానమున ముఖ్యమైన సమస్య.

ప్రవాహము ఇసుకను మేటలు వేయునపుడు వాని ముందువైపున ఏటవాలు పొరలు ఏర్పడును. అవి సాధారణముగా నీరు పోవు వైపునకే వాలియుండును. ఇసుక రాయియైన పిదపను ఆ వాలు చెడదు. దిక్సూచితో దానిని కొలిచి, ఉత్తరమునుండి ఎన్ని డిగ్రీలో గుర్తింతురు.

చిక్కు ఇక్కడనే కలదు. ఒక కొలత 350 డిగ్రీలు, మరియొకటి 10 డిగ్రీలు అయినచో రెండును ఉత్తరమునకు సమీపమైనవే. వానిని కూడి రెండింట భాగించినచో 180 డిగ్రీలు, అనగా దక్షిణము వచ్చును! లెక్క తప్పులేదు, పద్ధతియే తప్పు. కావున ప్రతి కొలతను సమానమైన పొడవుగల బాణముగా భావించి, ఒకదాని కొనకు మరియొకదానిని చేర్చుచు పోవలెను. మొదటి బిందువునుండి చివరి బిందువునకు గీచిన రేఖ సగటు దిక్కును తెలుపును. ఆ రేఖ పొడవును బాణముల సంఖ్యచే భాగింపగా వచ్చు ఫలము ఒకటికి చేరువైనచో కొలతలు ఏకముఖములు. సున్నకు చేరువైనచో ఒక్క దిక్కున కూడనివి.

శిలల అయస్కాంత దిశలను పురస్కరించుకొని ఆర్. ఎ. ఫిషర్ 1953లో గోళముపై దిక్కుల వ్యాప్తిని గూర్చి ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. కేంబ్రిడ్జిలో ఆయన పర్యవేక్షణమున 1948లో డాక్టరేటు పొందినవారు కల్యంపూడి రాధాకృష్ణరావుగారు. నేడు కర్ణాటకమునందున్న హూవిన హడగలిలో 1920లో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థకు వారు కీర్తి తెచ్చిరి, 2023లో దివంగతులైరి.

ఆ సంస్థలో భూవిజ్ఞానశాఖయు నెలకొనెను. 1966లో సుప్రియ సేన్‌గుప్త, జమ్మలమడక శ్రీనివాసరావుగారలు, నేడు మంచిర్యాల జిల్లాలోనున్న భీమారము పరిసరములందలి కామఠీ శిలల ఏటవాలు పొరలను గూర్చి 'సంఖ్యా' పత్రికలో ప్రకటించిరి. అందలి 580 కొలతలు 1972లో మార్డియా రచించిన దిశా సాంఖ్యక గ్రంథమున ఉదాహరణమై నిలిచినవి. శ్రీనివాసరావుగారు రాధాకృష్ణరావుగారి శిష్యులై వర్తులాకార దత్తాంశములపై 1969లో పరిశోధన ముగించిరి. వృత్తముపై ప్రక్కప్రక్కనున్న బిందువుల నడిమి ఎడములు సమానములకు ఎంత దూరమో చూచి, నిజముగా ఒక దిక్కు కలదా యని తేల్చు పరీక్ష వారి పేరనే వ్యవహరింపబడుచున్నది.

ఈ విద్య పురాతన నదులకే పరిమితము కాదు. ఆనకట్ట పునాదులలో, సొరంగములలో, గనుల గోడలలో కనబడు బీటల దిశలును కోణములే. బీట ఏ వైపునకు వాలునో ఆ వైపునకే రాయి జారు ప్రమాదము. అక్కడ తప్పుడు సగటు కాగితముపై దోషముగా మిగులక, ప్రాణహానికి హేతువగును. ఒకే బండపై నూరు కొలతలకన్న పలు బండలపై చెదరిన కొలతలు మేలనుటయు ఇందలి పాఠమే.

గోదావరీ తీరమున ఒక ఇసుకరాయి వేసిన ప్రశ్నకు ఉత్తరము వెదకుటలో, ప్రవాసాంధ్ర గృహమున జన్మించిన ఒక గురువు శిష్యపరంపర లోకమునకు ఉపకరించు గణితమును సంపాదించి ఇచ్చినది.