మెదడు శక్తియు యల్లాప్రగడ సుబ్బారావుగారును

శరీరభారములో మెదడు నూటికి 2 పాళ్లే. విశ్రాంతివేళ శరీరము వెచ్చించు శక్తిలో మాత్రము సుమారు 20 పాళ్లు దానివే. ఈ శక్తిని అందించు ఏ.టి.పి. యను పదార్థమును 1929లో జర్మనీయందు లోమన్‌గారును, అమెరికాయందు ఫిస్కే, సుబ్బారావుగారలును వేర్వేరుగా కనుగొనిరి. ముందెవరను వాదము మనకేల?

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, పిదప బోస్టను చేరిరి. 1925లో ఫిస్కేగారితో గూడి, భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని వెలువరించిరి. చిన్నపనిగా తోచును గాని, తక్కినదంతయు దీనినుండియే పుట్టినది. కండరసారమును పరీక్షించునపుడు రంగు ఆలస్యముగా తేలుచుండెను. పొరపాటని త్రోసివేయక కారణము వెదకిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిను బయటపడినది. ఏ.టి.పి. తరిగిన తక్షణమే పూరించు నిలువధనమది. కండరమునకేగాక మెదడునకును ఆధారము.

1994లో వైద్యులు ఒక జన్మదోషమును వర్ణించిరి. అందు శరీరము క్రియాటినును తగినంత తయారుచేయజాలదు. మెదడున అది కొరవడగా బిడ్డకు మాట రాదు, మూర్ఛలు వచ్చును. క్రియాటినును నోటిద్వారా ఇచ్చిన మేలు కలుగును. ఎంత పెందలకడ మొదలిడిన అంత మేలు. నాగలాపురమున పిల్లలకు తెనుగు మాటలు నేర్పు నాకు, ఆ మాట రాని బిడ్డల సంగతి చదివినపుడు చాలసేపు పుస్తకము ముందుకు సాగలేదు.

రంగుపద్ధతికి మాత్రము నేటికిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యనియే పేరు.