చలికాలపు ముసురు - పురపాలక సభ

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, మేము రాయలవారిని గురించియో, మధుర నాయకులను గురించియో వ్రాస్తామని వారు తలచి ఉంటారు. ఆ సంగతులు మాకంటె బాగుగా తెలిసిన పెద్దలు మన సంఘములోనే ఉన్నారు. మేము మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. కాపురము కోవిల్‌పట్టిలో, ఉద్యోగము విరుదునగరములో. రెంటికి నడుమ సుమారు 50 కిలోమీటర్ల రైలు దారి. రిజిస్టర్లు, రసీదులు, సంతకాలు - ఇవే మా లోకము. అందుచేత మేము ఎన్నుకున్న విషయము కూడ అటువంటిదే. ముసురు పట్టిన దినములలో మునిసిపల్ కౌన్సిలు చేసే నిత్యకృత్యము. ఇందులో చరిత్ర ఏమున్నదని పాఠకులు అడుగవచ్చును. ఉన్నదని మా నమ్మకము.

చలికాలమనగా చల్లని దేశములలో మంచు. అక్కడి నగర సభలకు వీధులలో మంచు తోడించుట ఏటేటా తప్పని పని. మనకు చలికాలమనగా వాన. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనమే ఈ సీమకు ప్రాణాధారము. కోవిల్‌పట్టి చుట్టుప్రక్కల అంతయు నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ భూమి అంటారు. తూత్తుకుడి జిల్లాలో ఏడాది పొడవునా కురిసే వాన సుమారు 65 సెంటీమీటర్లు మాత్రమే. వాన రాకపోతే పైరు లేదు. వాన విడువకపోతే మరియొక కష్టము. ఇక్కడ ఎన్నో కుటుంబములకు అగ్గిపెట్టెల పనియే జీవనము. ఎండ లేనినాడు పుల్ల ఆరదు. పుల్ల ఆరనినాడు కూలి లేదు. ఇటువంటి ఊళ్లలో వీధి కాలువ పారుచున్నదా, కుళాయి వచ్చుచున్నదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

మన దక్షిణదేశములో పురపాలక సంఘముల పుట్టుక గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. విశాఖ దగ్గరి భీమునిపట్టణమునకు 1861లోనే పురపాలక సంఘము ఏర్పడినది. 1864 నవంబరు 1వ తేదీన బందరు మీదికి ఉప్పెన వచ్చినది. సముద్రము ఊరిలోనికి చొరబడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. మరుసటి సంవత్సరము 1865లో మద్రాసు ప్రభుత్వము పట్టణాభివృద్ధి చట్టము చేసినది. 1866లో బందరుకు పురపాలక సంఘము వచ్చినది. శవములను తీసి, ఉప్పుపట్టిన బావులను చూచుకొని, మిగిలినవారు మరల కాపురములు పెట్టుకున్న ఊరిలో పెద్దలు కూర్చొని దీపములకు, కాలువలకు, బాటలకు లెక్కలు వ్రాయ మొదలుపెట్టినారు. ఉప్పెన నాటి సంగతి తాతలు మనుమలకు చెప్పుకున్నారు. ఆ లెక్కల సంగతి ఎవరూ చెప్పుకోలేదు. అయినను ఊరు నిలిచినది ఆ లెక్కల మీదనే. తరువాత 1884లో ఒక చట్టము, 1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చి, ఎన్నికైన సభ్యులకు అధికారము క్రమక్రమముగా పెరిగినది.

ఇక మన విరుదునగరము సంగతి. ఇది వర్తకుల ఊరు. నూనె, మిరప, పప్పుధాన్యములు ఇక్కడి బజారు సరకులు. ఈ ఊరివారు ఇంటింటా పిడికెడు బియ్యము తీసి కూడబెట్టి 1885లోనే క్షత్రియ విద్యాశాలను స్థాపించుకున్నారు. కలిసి కూడబెట్టుట, కలిసి ఖర్చుపెట్టుట వీరికి చట్టము నేర్పిన విద్య కాదు. ఊరికి అప్పటి పేరు విరుదుపట్టి. 1923లో పురపాలక సభవారు తీర్మానము చేసి దానిని విరుదునగరముగా మార్చినారు. ఈనాడు మేము టిక్కెట్టు మీద చూచే పేరు ఒక సభలో చేతులెత్తి ఆమోదించిన తీర్మానమే.

ఈ సభకు సంబంధించిన మరియొక ఉదంతము మన తెలుగువారు తప్పక తెలుసుకోదగినది. ఈ ఊరి బిడ్డ కామరాజుగారు 1940 డిసెంబరులో వ్యక్తి సత్యాగ్రహుల జాబితా పట్టుకొని వార్ధాకు గాంధీజీ వద్దకు పోతూ ఉండగా, మన గుంటూరులోనే ఆయనను అరెస్టు చేసి వేలూరు జైలులో పెట్టినారు. ఆయన జైలులో ఉండగానే విరుదునగరము కౌన్సిలువారు ఆయనను చైర్మనుగా ఎన్నుకున్నారు. 1941 నవంబరులో విడుదలై వచ్చి, ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చినారు. పూర్తిగా న్యాయము చేయలేని పదవిని పట్టుకొని ఉండరాదని ఆయన అభిప్రాయము. తరువాత రాష్ట్రమునకు ముఖ్యమంత్రి కాగలిగినవాడు ఒక చిన్న ఊరి చైర్మను పదవిని తేలికగా చూచి విడువలేదు. బరువుగా చూచి విడిచినాడు. మురుగుకాలువ, వీధిదీపము, సంత వేలము - వీటిని ప్రతి దినము చూచుకొనే తీరిక తనకు లేదని ఆయన ఎరుగును. కుర్చీలో కూర్చొనుట గౌరవము కోసము కాదు, పని కోసమని అప్పుడే తేలినది.

కోవిల్‌పట్టి చరిత్ర వేరు. 1876 జనవరి 1వ తేదీన మధుర - తూత్తుకుడి రైలు మార్గము తెరచినప్పటి నుండి ఈ ఊరు పెరగసాగినది. రైలు వచ్చినది, ప్రత్తి మిల్లులు వచ్చినవి, అగ్గిపెట్టెలు వచ్చినవి, మనవంటి వారము వచ్చినాము. 1964లో మునిసిపాలిటీ అయినది. ఈ ఊరికి నది లేదు. త్రాగే నీరు దూరమున తామ్రపర్ణి మీది శీవలప్పేరి నుండి గొట్టములలో రావలెను. అందుచేత ఇక్కడి కౌన్సిలులో నీటి ప్రస్తావన లేని సమావేశము అరుదు.

ఈ రెండు ఊళ్లకూ ఒక లోటు కాలము కూడ నడచినది. 2016 అక్టోబరు నుండి 2022 మార్చి వరకు తమిళనాడు పట్టణములలో ఎన్నికైన కౌన్సిళ్లు లేవు, అధికారులే నడిపినారు. మన ఆంధ్రదేశములోను ఇట్టి అనుభవము ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టిన నాటికి ఆ మహానగరమునకు ఎన్నికైన సభ లేదు. 2012 మొదలు 2021 వరకు ఆ కుర్చీలు ఖాళీ. అధికారులు కష్టపడలేదని మేము అనము. కాని తలుపు తట్టి అడుగుటకు వీధికి ఒక మనిషి ఉండుట వేరు, కాగితము వ్రాసి పంపుకొనుట వేరు. కాగితముల మధ్య బ్రతికే మేము ఈ మాట తెలిసియే అంటున్నాము.

ఇప్పుడు అసలు ముసురు సంగతికి వస్తాము. 2022 ఫిబ్రవరి 19న ఎన్నికలు జరిగి, మార్చిలో కొత్త కౌన్సిళ్లు కూర్చున్నవి. రెండేండ్లు తిరుగక మునుపే వారికి పరీక్ష వచ్చినది. శోభకృత్ నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి, ఆదివారము, అనగా 2023 డిసెంబరు 17. కొమరిన్ సముద్రము మీది గాలి సుడి కారణముగా ఆకాశము చిల్లుపడినట్లు వాన కురిసినది. కాయల్‌పట్టణములో ఒక్క దినములో 95 సెంటీమీటర్లు. అనగా ఏడాది వానకంటె ఎక్కువ. మా కోవిల్‌పట్టిలోను సుమారు అరమీటరు.

ఆ రాత్రి తిరుచెందూరు నుండి మద్రాసుకు బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ బండి శ్రీవైకుంఠము స్టేషనులో ఆగిపోయినది. ముందు కట్ట మీద కంకర కొట్టుకొనిపోయినదని కబురు అందగా, స్టేషను మాస్టరుగారు బండిని కదలనీయలేదు. సుమారు 800 మంది ప్రయాణీకులు. మరునాడు సుబ్రహ్మణ్య షష్ఠి. షణ్ముఖుని దర్శించి వచ్చినవారు పండుగ పూట వరద మధ్య చిక్కుకున్నారు. చుట్టుప్రక్కల పల్లెవాసులు తమకున్నది వండి పెట్టినారు. 19వ తేదీకి వారిని విడిపించి, వాంచి మణియాచ్చి నుండి వేరొక బండిలో మద్రాసుకు పంపినారు. పత్రికలు దీనిని సాహసమన్నవి. రైల్వేవారమైన మేము దీనిని మరియొక విధముగా చూస్తాము. కట్ట బాగుగా లేదని కబురు వస్తే బండి నిలుపవలెనన్నది నిత్యము పాటించవలసిన నియమము. ఆ రాత్రి ఎనిమిది వందల ప్రాణములను కాపాడినది ఆ నియమము, దానిని తప్పని ఒక ఉద్యోగి.

మునిసిపాలిటీ సంగతియు ఇంతే. వాన కురిసిన నాడు ఎవరును కొత్త కాలువ త్రవ్వలేరు. ఎండకాలములో పూడిక తీయించుటకు టెండరు ఆమోదించినారా, మోటారు మరమ్మతుకు డబ్బు కేటాయించినారా, వాగు పోరంబోకులో లేచిన గోడకు నోటీసు ఇచ్చినారా - ఇవన్నియు నెలనెలా సమావేశములో ఆవులింతల నడుమ చదివే అంశములు. వాన వచ్చి ఆ మినిట్సు పుస్తకమును ఊరందరికీ బిగ్గరగా చదివి వినిపిస్తుంది. అంతేకాదు. వరద ఉన్నదని ఊరి నిత్యకృత్యము ఆగదు. ఆ దినములలో పుట్టిన బిడ్డను 21 దినములలో రిజిస్టరులో వ్రాయవలెను. పోయినవారికి మరణ పత్రము ఇవ్వవలెను. తామ్రపర్ణి పొంగి త్రాగునీటి పథకములు దెబ్బతిన్నందున, చుట్టూ నీరే ఉన్నను త్రాగుటకు బిందెడు నీరు లేక జిల్లాలో ఎందరో అలమటించినారు. అప్పుడు కావలసినది ఉపన్యాసము కాదు. లారీ ఏ వీధికి ఎన్ని గంటలకు అన్న చీటీ.

సోమవారము తెల్లవారగనే మేము గొడుగు వేసుకొని స్టేషనుకు బయలుదేరినాము. వీధిలో మోకాలి లోతు నీరు. ఒక పెద్దమనిషి తల మీద గోనెసంచి కప్పుకొని, చేతిలో గడ్డపారతో కాలువ మీది బండ ఎత్తుచున్నాడు. మమ్ములను చూచి కేక వేసినాడు - "అటు రావద్దు సామీ, మూత తీసి ఉండాది. ఇట్లా రాండి!"

తెలుగు మాట! మేము నిలిచి, "మీరు తెలుగువారా?" అని అడిగినాము.

"ఇంట్లో తెలుగే సామీ. మీరు ఎప్పుడు వచ్చినారు ఈ ఊరికి?"

"తొమ్మిదేండ్లయినది. మీరో?"

ఆయన నవ్వినాడు. "మా తాతకు తెలియదు, వాళ్ల తాతకూ తెలియదు. సూసి పోండి సామీ."

మేము ఆ ప్రక్కగా గట్టు ఎక్కి నడచినాము. ఆయన చూపకపోతే ఆ తెరచిన గుంటలో మా కాలు పడవలసినదే. ఆ దినము బండ్లు లేవు. ఆఫీసులో కూర్చున్నంతసేపు ఆయన మాటయే చెవిలో ఉన్నది. మన సంఘ సంచికలలో రాయలవారి బొమ్మ వేస్తాము, నాయక రాజుల వంశవృక్షము వేస్తాము. ఈ సీమ పట్టణములలో మురుగుకాలువలో దిగి పని చేసేవారిలో ఎందరో ఇంట్లో తెలుగే మాట్లాడుతారన్నది మనము ఏ సంచికలోను వ్రాయలేదు. మన ఉగాది పచ్చడికి వారిని పిలువలేదు. వారు మనకంటె ముందు వచ్చినవారు. ఊరికి మనకంటె ఎక్కువ చేసినవారు.

వలస వచ్చిన మనలో ఒక అలవాటు ఉన్నది. పన్ను కడతాము, అద్దె కడతాము, కుళాయి రాకపోతే విసుగుకుంటాము. కాని కౌన్సిలు మాత్రము "వాళ్లది" అనుకుంటాము. ఇది సరి కాదని ఆ ముసురు మాకు నేర్పినది. తమిళనాడులో 2022 నవంబరు 1వ తేదీన వార్డులలో ఏరియా సభలు, తమిళములో పగుది సభలు, జరిపించ మొదలుపెట్టినారు. ఆ వార్డు ఓటరు ఎవరైనను లేచి తన వీధి సంగతి చెప్పవచ్చును. తమిళము తడబడినను ఫరవాలేదు. మూసుకొనిపోయిన కాలువ ఏ భాషలో చెప్పినను అర్థమవుతుంది.

కావున పాఠక మహాశయులకు మా మనవి రెండే మాటలు. ఎండలు ముదురక మునుపే మీ వీధి కాలువను ఒకసారి చూచి, మీ కౌన్సిలరుకు ఒక చీటీ వ్రాయండి; వాన వచ్చిన తరువాత వ్రాసినది చీటీ కాదు, మొర. రెండవది, వచ్చే ఉగాదికి మన పందిట్లో పచ్చడి పంచేటప్పుడు, గోనెసంచి కప్పుకొని మనకు దారి చూపిన ఆ పెద్దమనిషికి, ఆయన ఇంటివారికి ముందు వరుసలో చాప వేయండి. ఆయన ఇల్లు ఏ వీధిలోనో మేము కనుక్కున్నాము. పిలుచుటకు మేమే పోతాము.