చూసినవాళ్లూ పోల్చుకున్నవాళ్లూ

1897లో కాథోడ్ కిరణాల ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తిని బెర్లిన్‌లో వాల్టర్ కౌఫ్‌మాన్, కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ విడివిడిగా కొలిచారు. కొలత వరకే అయితే కౌఫ్‌మాన్‌దే నిక్కచ్చి. కానీ కంటికి కనబడని పరమాణువులను లెక్కలోకి తీసుకోకూడదన్న ఎర్నస్ట్ మాఖ్ మాటకు జర్మన్ పండితుల్లో పలుకుబడి ఉన్న రోజులవి. కౌఫ్‌మాన్ అంకె చెప్పి ఊరుకున్నాడు. థామ్సన్ మాత్రం ఈ కిరణాలు హైడ్రోజన్ పరమాణువు కంటే ఎన్నో వందల రెట్లు తేలికైన కణాలనీ, అవి ప్రతి పరమాణువులోనూ ఉంటాయనీ తేల్చేశాడు. మనం బడిలో చదువుకున్నది ఆయన పేరే. ఆయనకు గాజు గొట్టాలు ఊది ఇచ్చిన ఎబెనీజర్ ఎవరెట్ పేరు ఏ పాఠంలోనూ రాదు.

ఈ చరిత్ర పొడుగునా ఇదే తంతు. చూడటం ఒకరి వంతు, పోల్చుకోవడం ఇంకొకరి వంతు.

థామ్సన్ ఊహలో ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటుంది, ఆ కణాలు, అంటే ఎలక్ట్రాన్లు, రవ్వకేసరిలో జీడిపప్పుల్లా అక్కడక్కడా ఉంటాయి. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, ఇంకా చదువు పూర్తికాని ఇరవయ్యేళ్ల మార్స్‌డెన్ కలిసి చీకటి గదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీది మిణుకులను సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ప్లాటినం రేకుకు తగిలిన ఆల్ఫా కణాల్లో దాదాపు 8,000కు ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. థామ్సన్ ఊహ నిజమైతే అలా జరగకూడదు. ఎనిమిది వేలలో ఒకటే కదా, పరికరంలో ఏదో లోపమని ఎవరైనా వదిలేస్తారు. వాళ్ల ఆచార్యుడు రూథర్‌ఫర్డ్ వదల్లేదు. 1911 నాటికి లెక్క తేల్చాడు. పరమాణువు వెడల్పులో పదివేలో వంతు కూడా లేని చోట దాని బరువు దాదాపు అంతా ఇరుక్కుని ఉంది. కేంద్రకం అలా బయటపడింది. 1913లో బోర్ ఎలక్ట్రాన్లకు కక్ష్యలు గీశాడు. పరమాణు సంఖ్య అంటే ఏమిటో ఎక్స్-కిరణాలతో నిరూపించిన మోజ్లీ, 1915లో గల్లిపోలీ యుద్ధంలో 27 ఏళ్లకే చనిపోయాడు.

కేంద్రకంలోని ధనావేశ కణం ప్రోటాన్ దొరికాక కూడా పద్దు కుదరలేదు. హీలియం బరువు నాలుగు, కేంద్రకంలో ఆవేశం రెండే. నాలుగు ప్రోటాన్లు, వాటి ఆవేశంలో సగం చెల్లగొట్టడానికి రెండు ఎలక్ట్రాన్లు కేంద్రకంలోనే ఉన్నాయని సర్దుకున్నారు. 1920లో రూథర్‌ఫర్డ్, ఆవేశమే లేని కణం ఉండొచ్చని ఒక ప్రసంగంలో అన్నాడు. ఆయన శిష్యుడు చాడ్విక్ ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి వెతికాడు. ఆవేశం లేనిది మేఘపేటికలో గీత గీయదు, అయస్కాంతానికి వంగదు. మరి దొరికేదెలా?

1930లో జర్మనీలో బోథే, బెకర్ బెరీలియం మీద ఆల్ఫా కణాలను వదిలితే సీసంలోంచి కూడా దూసుకుపోయే కిరణమేదో వచ్చింది. గామా కిరణమే అనుకున్నారు. 1932 జనవరిలో పారిస్‌లో ఇరేన్, ఫ్రెడెరిక్ జోలియో-క్యూరీ దంపతులు దానికి పారాఫిన్ మైనం అడ్డుపెట్టారు. మైనంలోంచి ప్రోటాన్లు మహావేగంతో ఎగిరిపడ్డాయి. ఆ ఆవేశం లేని కణం, న్యూట్రాన్, వాళ్ల బల్ల మీదే ఉంది! అయినా గామా కిరణాన్నే నమ్ముకుని, దానికి ఏకంగా ఐదు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అంటగట్టారు. గోళీని ఎగరగొట్టాలంటే ఇంకో గోళీ కావాలి గానీ వెలుతురు చాలదన్నది కేంబ్రిడ్జిలో ఉన్న చాడ్విక్‌కు వెంటనే తట్టింది. బాల్టిమోర్ ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న వాడేసిన రేడాన్ గొట్టాల్లోంచి తీసిన పొలోనియంతో చాడ్విక్ కొద్ది వారాలు నిద్ర మానుకుని పనిచేశాడు. అది న్యూట్రాన్ కావచ్చని ఫిబ్రవరి 17న ‘నేచర్’ పత్రికకు ఉత్తరం రాశాడు. 1935లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కృత్రిమ రేడియోధార్మికత కనిపెట్టినందుకు జోలియో-క్యూరీలకు అదే ఏడాది రసాయనశాస్త్రంలో వచ్చింది కాబట్టి వాళ్ల మీద మరీ జాలిపడక్కర్లేదు.

చాడ్విక్ తర్వాత లివర్‌పూల్ వెళ్లాడు. అక్కడ ఆయన దగ్గర పనిచేసిన వాళ్లలో గోదావరి జిల్లా సన్యాసి స్వామి జ్ఞానానంద ఒకరు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధన అబ్బింది ఆయన చేతి మీదుగానే.

పోల్చుకున్నా దక్కనివాళ్లూ ఉన్నారు. డి.ఎం. బోస్, బిభా చౌధురి డార్జిలింగ్ కొండల్లో ఫోటో పలకలను విశ్వకిరణాలకు పెట్టి, ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు బరువున్న కణాల జాడలు పట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల మేలురకం పలకలు దొరకక పని ఆగిపోయింది. 1947లో అదే పద్ధతిలో, మంచి పలకలతో పయాన్ అనే కణాన్ని చూపిన పావెల్‌కు 1950లో నోబెల్ ఇచ్చారు. దీన్ని పొరపాటు అనలేం, సరుకు అందకపోవడమే.

1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో మూడు కిలోమీటర్ల పొడవున్న యంత్రంతో ప్రోటాన్ల మీదికి ఎలక్ట్రాన్లను వదిలారు. అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ ఎలక్ట్రాన్లు బాగా పక్కకు చెదిరాయి. ప్రోటాన్ లోపల గట్టి చుక్కలేవో ఉన్నాయన్నమాట. జెల్-మాన్, జ్వైగ్ ప్రోటాన్ లోపల ఉండే క్వార్కుల సంగతి 1964లోనే చెప్పి ఉన్నారు. అయినా ఆ చుక్కలను చాలామంది ఏ పేచీ రాకుండా ‘పార్టాన్లు’ అంటూ వచ్చారు. అవి క్వార్కులేనని ఒప్పుకోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.