తీగ ముట్టకుండా నంబరు కలిపిన పెట్టె

1991లో లండన్‌లోని సైయాన్ అనే కంపెనీ ‘సిరీస్ 3’ అని ఒక చిన్న కంప్యూటరు తెచ్చింది. కళ్ళజోడు పెట్టెంత ఉంటుంది, జేబులో పడుతుంది. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే నడుస్తుంది. అందులో తెలిసినవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు రాసిపెట్టుకోవచ్చు. ఇంతవరకు వింతేమీ లేదు. వింత ఏమిటంటే, కావలసిన పేరు వెతికి తీసి, ల్యాండ్‌లైను రిసీవరులో మనం మాట్లాడే వైపును ఆ పెట్టె స్పీకరుకు ఆనించి మీట నొక్కితే, అది కుయ్ కుయ్‌మని ఏదో కూసేది. అంతే, అవతల ఇంట్లో ఫోను మోగేది. పెట్టెకూ ఫోనుకూ మధ్య ఒక్క తీగ కూడా లేదు.

ఇప్పుడు చూస్తే ఇదొక ఆటబొమ్మలా అనిపించవచ్చు. కానీ ఈ పని వెనక పెద్ద చరిత్రే ఉంది. అది తెలియాలంటే తిప్పే ఫోను దగ్గర మొదలుపెట్టాలి.

తిప్పే ఫోనుకు పది రంధ్రాల చక్రం ఉంటుంది. 5 దగ్గర వేలు పెట్టి తిప్పి వదిలామనుకోండి. చక్రం వెనక్కి వచ్చేటప్పుడు లైనులోని కరెంటును ఐదుసార్లు తెంచి కలుపుతుంది. ఎక్స్ఛేంజిలోని యంత్రం ఆ ఐదింటినీ లెక్కపెట్టుకుంటుంది. సెకనుకు 10 చొప్పున తెగుతుంది కాబట్టి 1 చిటికెలో అయిపోతుంది. 0 అంటే పది, దానికి ఒక సెకను నిండా పడుతుంది. ఇలాంటి ఎక్స్ఛేంజికి 1891లో పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రౌజర్ ఇంజనీరు కాదు, అమెరికాలోని కాన్సాస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారం చేసుకునే మనిషి. తనకు రావలసిన బేరాలను ఊళ్ళో ఆపరేటరమ్మ ఇంకో వ్యాపారికి కలుపుతోందన్న అనుమానంతో, అసలు ఆపరేటరే లేని ఎక్స్ఛేంజి కనిపెట్టాడని చెబుతారు. కోపం కూడా ఒక్కోసారి పనికొస్తుందన్నమాట!

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఈ పద్ధతిలో నంబరు అంటే కరెంటు తెగడం. కరెంటు తెంచాలంటే తీగను ముట్టుకోక తప్పదు.

1963 నవంబరు 18న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ అనే రెండు ఊళ్ళలో బెల్ కంపెనీ మీటల ఫోన్లు ఇచ్చింది. దీనికి టచ్‌టోన్ అని పేరు పెట్టారు. మీట నొక్కితే కరెంటు తెగదు, రెండు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. అడ్డవరుసకు ఒక స్వరం, నిలువు వరుసకు ఒక స్వరం. అడ్డవరుసలకు సెకనుకు 697, 770, 852, 941 కంపనాలు. నిలువు వరుసలకు 1209, 1336, 1477. 5 నొక్కితే 770, 1336 కలిసి వినిపిస్తాయి. రెండెందుకు, ఒకటి చాలదా? చాలదు. అదే తీగ మీద మనిషి గొంతు కూడా పోతుంది కదా. మనం మాట్లాడేటప్పుడో ఈల వేసేటప్పుడో ఒక స్వరం పొరపాటున కలవవచ్చు, సరిగ్గా ఆ రెండూ ఒకేసారి రావడం చాలా అరుదు. పైగా ఏ ఒక్కటీ ఇంకోదానికి రెట్టింపో మూడింతలో కాకుండా చూసి ఆ సంఖ్యలు ఎంచారు. లెక్కలంటే భయపడే మా తరగతి వాళ్ళకు కూడా ఇది బాగా నచ్చింది.

ఇలా నంబరు శబ్దంగా మారింది. శబ్దం ఎవరు చేశారో ఎక్స్ఛేంజికి అక్కర్లేదు. వేలు నొక్కినా ఒకటే, యంత్రం కూసినా ఒకటే.

అయితే శబ్దంతోనే పని జరిపించాలన్న ఆలోచన ఎందుకొచ్చింది? తీగ మనది కాదు కాబట్టి! అప్పట్లో అమెరికాలో ఫోను లైనే కాదు, ఇంట్లో ఉన్న ఫోను కూడా కంపెనీదే. దానికి బయటి వస్తువు ఏదీ తగిలించకూడదని నిబంధన. పక్కవాళ్ళకు మాటలు వినపడకుండా ఫోనుకు తగిలించుకునే ‘హష్-ఎ-ఫోన్’ అనే చిన్న డొప్ప మీద కూడా కంపెనీ గొడవ పెట్టుకుంది. దాంట్లో కరెంటే లేదు, వట్టి డొప్ప! చివరికి 1956లో కోర్టు డొప్ప వైపే తీర్పు చెప్పింది.

ఈ నిబంధనకు అడ్డదారి కనిపెట్టిన వాళ్ళలో నాకు అందరికన్నా గొప్పగా తోచినవాడు రాబర్ట్ వైట్‌బ్రెక్ట్. కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రవేత్త. ఆయనకు చెవులు వినపడవు. ఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ బధిరులకు చదువు చెప్పిన మాస్టారు, ఆయన తల్లికీ భార్యకూ వినికిడి లేదు. అయినా 1876లో ఫోను పుట్టాక ఎనభై ఏళ్ళు దాటినా అది వినపడనివాళ్ళకు పనికిరాలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక డాక్టరును పిలవాలన్నా పక్కింటివాళ్ళను బతిమాలుకోవాలి. వైట్‌బ్రెక్ట్ పాత టెలిప్రింటరు ఒకటి తీసుకున్నాడు. దాన్ని లైనుకు తగిలించకూడదు. అందుకని అక్షరాలను స్వరాలుగా మార్చి, రిసీవరును ఒక పెట్టె మీద పడుకోబెట్టి, ఆ స్వరాలను ఫోను చెవిలో పోశాడు. అవతల అలాంటి పెట్టే మళ్ళీ అక్షరాలుగా మార్చింది. 1964లో ఇద్దరు బధిరులు దూరం నుంచి ఒకరికొకరు ఫోనులో రాసుకున్నారు. కంపెనీ తీగను ఎవరూ ముట్టుకోలేదు!

టెక్సాస్‌లో థామస్ కార్టర్ అనే ఆయన కూడా ఇదే దారి పట్టాడు. ఊరికి దూరంగా పనిచేసేవాళ్ళ దగ్గర వైర్‌లెస్ సెట్లు ఉండేవి. వాటిలో వచ్చే మాటను రిసీవరులోకి వినిపించే ‘కార్టర్‌ఫోన్’ అనే పెట్టెను 1959 నుంచి అమ్మాడు. కంపెనీ ఒప్పుకోలేదు. కార్టర్ కోర్టుకెక్కాడు. 1968లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ లైనుకు హాని చెయ్యని వస్తువును ఎవరైనా వాడుకోవచ్చని తేల్చింది. ఆ తీర్పు లేకపోతే ఇంట్లో వాడుకునే మోడెం అంత తేలిగ్గా వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇక కంప్యూటర్ల సంగతి. 1983లో రేడియో షాక్ దుకాణాల్లో ‘మోడల్ 100’ వచ్చింది. తయారు చేసింది జపాన్ కంపెనీ క్యోసెరా. బరువు సుమారు 1.4 కిలోలు, నాలుగు పెన్సిల్ సెల్లులు, ఎనిమిది వరుసల తెర. విలేకరులకు ఇది ప్రాణం. ఎక్కడో కూర్చుని వార్త టైపు చేసి, లోపలే ఉన్న మోడెంతో పత్రికాఫీసుకు పంపేవారు. సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. దాంట్లో పేరు వెతికితే నంబరు అదే కలిపేది. కానీ పాత పద్ధతిలోనే, లైనును టకటకా తెంచి. అందుకు తీగ తగిలించి ఉండాలి. పక్కన ఒక చిన్న స్విచ్చి ఉండేది. ఒకవైపు జరిపితే తీగ ద్వారా, ఇంకోవైపు జరిపితే రబ్బరు కప్పులలో రిసీవరు పెట్టి శబ్దం ద్వారా. గోడకు ప్లగ్గు లేని హోటలు గదిలో రబ్బరు కప్పులే దిక్కు, అప్పుడు నంబరు మాత్రం మనిషే తిప్పుకోవాలి.

1984లో వచ్చిన టాండీ 200లో మోడెం స్వరాలతో నంబరు కలపడం నేర్చింది. అక్కడా తీగ ఉంది. ఆ తరువాత వచ్చిన సైయాన్ పెట్టెకే తీగ అవసరం లేకపోయింది. ఒకసారికి ఒక్క స్వరమే పలికే బజరు ఉన్న కంప్యూటరుతో ఇది సాగదు, రెండూ కలిసి పలికే స్పీకరు ఉండాలి.

శబ్దమే తాళంచెవి అయితే దొంగ తాళంచెవులు కూడా పుడతాయి. దూరపు లైన్లలో 2600 కంపనాల స్వరం వినపడితే ‘లైను ఖాళీ’ అని యంత్రం అనుకునేది. 1970ల మొదట్లో కొందరు ‘బ్లూ బాక్స్’ అనే పెట్టెతో ఆ స్వరం పలికించి డబ్బు కట్టకుండా మాట్లాడారు. తరువాత యాపిల్ కంపెనీ పెట్టిన వోజ్నియాక్, జాబ్స్ కూడా అలాంటివి చేసి అమ్మారు. తప్పు తప్పే. 1976 నుంచి కంపెనీ ఆ ఆజ్ఞలను మాటల దారిలో కాకుండా వేరే దారిలో పంపడం మొదలుపెట్టింది.

మన దేశంలో తిప్పే ఫోన్లు ఎక్కువగా మన బెంగళూరు ఐటీఐలో తయారయ్యేవి. 1948లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ వల్లే ఆ ప్రాంతానికి దూరవాణి నగర్ అని పేరు వచ్చింది. ఎక్స్ఛేంజిలు చాలావరకు స్ట్రౌజర్ రకానివే. అందుకే తరువాత వచ్చిన ఎన్నో మీటల ఫోన్ల అడుగున ‘టీ’, ‘పీ’ అని స్విచ్చి ఉండేది. పాత ఎక్స్ఛేంజి ఊళ్ళో ‘టీ’ వైపు పెట్టి ఎంత నొక్కినా కుయ్ కుయ్ వినిపించడమే గానీ ఫోను కలిసేది కాదు. ‘పీ’ వైపు జరిపితే మీటల ఫోను కూడా టకటకమనేది. 1984లో ఒడిశాలోని టిట్లాగఢ్‌లో పుట్టిన శామ్ పిట్రోడా ఆధ్వర్యంలో సీ-డాట్ మొదలైంది. పల్లెల కోసం వాళ్ళు చేసిన 128 లైన్ల ఎక్స్ఛేంజి 1986లో మన కర్ణాటకలోనే, కిత్తూరులో మొదట పనిచేసింది.

ఇప్పుడు మన సెల్‌ఫోను నంబరు కలపడానికి స్వరాలు వాడదు. కానీ గ్యాస్ బుక్ చేసేటప్పుడు ‘ఒకటి నొక్కండి’ అని ఒక గొంతు చెబుతుంది కదా, అక్కడ మాత్రం 697, 1209 ఇంకా బతికే ఉన్నాయి. మనం 1 నొక్కగానే సెల్‌ఫోను నెట్‌వర్కుకు ఆ సంగతి కబురు పెడుతుంది. నెట్‌వర్కులోని యంత్రం దాని తరఫున ఆ రెండు స్వరాలూ కూస్తుంది.