మైసూరు రాకెట్టు, దాని ఇనుప గొట్టం

18వ శతాబ్ది ఉత్తరార్ధంలో మైసూరును ఏలిన హైదర్ అలీ, ఆయన కుమారుడు టిప్పు సుల్తాను తమ సైన్యంలో రాకెట్లు ప్రయోగించే దళాలను ప్రత్యేకంగా పోషించారు. సురేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపి నూరిన మందును గొట్టంలో కూరి, నిప్పంటించి ఎగరవేయడం చైనాలోనూ భారతదేశంలోనూ అప్పటికే శతాబ్దాలుగా తెలిసిన విద్య. ఆ గొట్టాన్ని కాగితంతోనో వెదురుతోనో కాక ఇనుముతో చేయడమే మైసూరు పనివారి ఘనత. ఈ రాకెట్ల మోతనూ మంటనూ వర్ణించడంలో చూపిన శ్రద్ధను యుద్ధ చరిత్రకారులు చాలామంది ఈ లోహపు పని మీద చూపలేదు.

మందు మండగా పుట్టే వేడి వాయువులు గొట్టం గోడలను అన్ని వైపులా ఒత్తుతాయి. పక్క గోడల మీద పడే ఒత్తిడి ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది గాని, మూసి ఉన్న ముందు కొనమీద పడే ఒత్తిడికి వెనకవైపు సరిజోడు ఉండదు, ఎందుకంటే అక్కడ వాయువులు వెలువడే రంధ్రం ఉంటుంది. అలా మిగిలిపోయిన బలమే రాకెట్టును ముందుకు నెడుతుంది. దీన్నే థ్రస్ట్ అంటారు. 1687లో న్యూటన్ ప్రకటించిన మూడవ గమన నియమం ప్రకారం, రాకెట్టు వాయువులను వెనక్కి నెట్టడం చర్య అయితే, అంతే బలంతో వాయువులు రాకెట్టును ముందుకు నెట్టడం ప్రతిచర్య. రాకెట్టు బయటి గాలిని తన్నుకుని లేస్తుందన్న అపోహ 20వ శతాబ్దం దాకా చదువుకున్నవారిలో సైతం ఉండేది. నిజానికి థ్రస్ట్‌కు గాలితో పనే లేదు.

క్షణానికి ఎంత వాయువు వెలువడుతుంది, ఎంత వేగంతో వెలువడుతుంది అన్న రెండింటి మీద థ్రస్ట్ ఆధారపడి ఉంటుంది. లోపలి పీడనం పెరిగితే మందు మరింత త్వరగా మండుతుంది, వాయువులు మరింత జోరుగా బయటపడతాయి. అయితే అంత పీడనానికి అట్ట గొట్టం పగిలిపోతుంది. ఇనుప గొట్టం తట్టుకుంటుంది కనుక అందులో మందును గట్టిగా దట్టించవచ్చు. దీపావళి తారాజువ్వ ఊరి కప్పుల మీదనే ఆరిపోగా మైసూరు రాకెట్టు కిలోమీటరుకు మించి దూసుకుపోవడానికి ఈ గోడ గట్టిదనం ఒక ముఖ్య కారణం. ఇంగ్లండులోని వూలిచ్‌కు చేరిన నమూనాల్లో ఒకదాని గొట్టం సుమారు 20 సెంటీమీటర్లే ఉండగా, దానికి కట్టిన వెదురు కర్ర దాదాపు 1.9 మీటర్లు ఉంది. రాకెట్టు దారి తప్పి వంగినప్పుడు ఆ పొడవాటి తోక మీద తగిలే గాలి దాన్ని మళ్లీ తిన్నగా తిప్పుతుంది.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో, గుంటూరు సీమ నుంచి దక్షిణానికి నడిచి వచ్చిన కల్నల్ బెయిలీ నడిపిన ఆంగ్లేయ దళం హైదర్, టిప్పుల సేనలకు చిక్కి ఓడిపోయింది. ఆ దళపు మందుగుండు బండ్లు పేలిపోవడానికి రాకెట్లే కారణమని సాధారణంగా చెబుతారు. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ఆంగ్లేయుల చేతిలో పతనమైన తరువాత అక్కడ దొరికిన రాకెట్లను ఇంగ్లండుకు పంపారు. 1804 ప్రాంతంలో విలియం కాంగ్రీవ్ వూలిచ్‌లో మొదలుపెట్టిన ప్రయోగాల వెనక మైసూరు అనుభవం ఉంది. 1807లో కోపెన్‌హాగన్‌ను తగలబెట్టడంలో ఆయన రాకెట్లు పాలుపంచుకున్నాయి.

లెక్క మాత్రం పనితనం తరువాతే వచ్చింది. మందు కాలిపోతున్నకొద్దీ రాకెట్టు తేలికవుతుంది కనుక అదే థ్రస్ట్ దానికి అంతకంతకు ఎక్కువ త్వరణాన్ని, అంటే వేగం పెరిగే రేటును, ఇస్తుంది. ఈ మారే బరువును లెక్కలోకి తీసుకుని, వూలిచ్ సైనిక విద్యాలయంలో గణితం బోధించిన విలియం మూర్ 1810-13 మధ్య రాకెట్టు గమనాన్ని గణించాడు. రష్యాలో సియోల్‌కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన ప్రసిద్ధ సమీకరణానికి మూలసూత్రం కూడా ఇదే. 1844లో విలియం హేల్ వాయువుల తోపుతోనే రాకెట్టు గిరగిరా తిరుగుతూ తిన్నగా సాగేలా చేసి, తోక కర్ర బరువును తీసివేయగలిగాడు.

గొట్టం గట్టిదనం సమస్య ఈనాటికీ తీరలేదు. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం 2.8 మీటర్ల వ్యాసమున్న గొట్టంలో మండుతుంది. ఆ పీడనాన్ని తట్టుకునే మరేజింగ్ ఉక్కును, అంటే నికెల్ ఎక్కువగా కలిపి వేడితో గట్టిపరచిన మిశ్రలోహాన్ని, హైదరాబాదులోని మిశ్రధాతు నిగమ్ తయారు చేస్తోంది.